నట్టు బిగింపునకును లెక్క కలదు
టార్కు కొలతలు, టార్కు రెంచి వాడుక

రైతు సోదరులు ధాన్యమును తూచి యమ్ముదురు. ఎరువును తూచి కొందురు. పురుగుమందును మిల్లీలీటర్ల లెక్కను నీటిలో కలుపుదురు. పొలమును సెంట్లతో సహా కొలిపింతురు. ఇన్నింటికి కొలత యవసరమని యెఱిగిన మనము ట్రాక్టరు చక్రపు నట్టును బిగించునపుడు మాత్రము కొలతను మఱచి, "గట్టిగా బిగించితిమి" అని తృప్తి పడుచున్నాము. ఎంత గట్టిగా నని యెవరైన నడిగినచో చెప్పుటకు మనయొద్ద మాట లేదు. ఆ గట్టిదనమునకును ఒక కొలత కలదు. దానిని టార్కు అందురు. దానిని కొలుచు పనిముట్టు టార్కు రెంచి. ఈ రెంటిని గూర్చి సంఘ సభ్యులకు విశదముగా దెలుపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఇది చిన్న విషయమని తలంపరాదు. పెండ్లిమర్రి చుట్టుపట్ల గ్రామములనుండి పసుపు, వేరుసెనగ, శనగ బస్తాలను ట్రాలీలకెత్తి కడపకు తోలుట మనకు నిత్యము జరుగు పని. పులివెందుల వైపు చీనీకాయలు, అరటిగెలలు ఇట్లే కదలును. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతముల నల్లరేగడి నేలలలో రోటవేటరు కత్తులకు తగులు దెబ్బలు రైతులెఱిగినవే. చక్రపు నట్లు వదులైనచో చక్రము ఊగును. ఊగిన కొలది బోల్టు మెడ అరిగి, రంధ్రము కోలగా సాగి, తుదకు బోల్టులొక్కటొక్కటిగా తెగి చక్రము ఊడును. అట్టి ట్రాలీపై బస్తాలే గాక కూలివారును కూర్చుండి యుందురు. పోవునది పంట మాత్రమే కాకపోవచ్చును. నట్లను మితిమీఱి బిగించినచో బోల్టు సాగి బలము చెడి, పనిచేయునపుడు హఠాత్తుగా తెగును. తక్కువైనను కీడే, ఎక్కువైనను కీడే. గావున లెక్క కావలయును.

టార్కు అనగా నేమి

తిరగలి పిడిని అంచున నమర్చుటకు కారణమేమి? నడిమి సీలకు దగ్గఱగా పిడి పెట్టినచో రాయి తిరుగుట కష్టమగును. దూరముగా పెట్టినచో అదే చేతి బలముతో సులువుగా తిరుగును. గానుగకు పొడవైన దూలము కట్టి దాని కొనను ఎద్దును పూన్చుటయు ఇందులకే. తిప్పుటలో పనిచేయునది బలమొక్కటియే కాదు. తిరుగు నడిమి స్థానమునుండి ఎంత దూరమున ఆ బలము పనిచేయుచున్నదో అదియును లెక్కకు వచ్చును. ఈ బలమును దూరముతో గుణించగా వచ్చునదే టార్కు. పాఠ్యపుస్తకములలో దీనికే బలభ్రామకమని పేరు.

ఒక దృష్టాంతము చూడుడు. నట్టు నడిమినుండి చేయి పట్టు చోటికి 25 సెంటీమీటర్లుండు పానాతో ఒకడు 20 కిలోల బరువునకు సమానమైన బలముతో లాగెననుకొందము. మీటరులో పావు భాగమును 20తో గుణించగా 5 వచ్చును. అనగా ఆ నట్టుపై పడిన టార్కు 5 కిలోగ్రాము-మీటర్లు. ఇప్పుడు అదే పానాకు ఇనుపగొట్టము తొడిగి మీటరు పొడవు చేసి, 60 కిలోల మనుష్యుడు దాని కొనపై నిలిచినచో టార్కు 60 కిలోగ్రాము-మీటర్లగును. మొదటిదానికి పండ్రెండు రెట్లు. పనివాడు గొట్టమెక్కి నిలుచుట మనయూళ్లలో తఱచుగా చూచుచున్నాము. అతడు తన బరువును తూచుకొనియుండునే గాని ఆ బోల్టు ఎంత భరించునో తూచియుండడు.

లాగు దిక్కును గమనింపవలెను. పానాకు అడ్డముగా, అనగా మూలమట్టముగా లాగినప్పుడే పై లెక్క పూర్తిగా చెల్లును. ఏటవాలుగా లాగినచో బలములో కొంత వ్యర్థమగును.

కొలతల పేర్లును వాని సంబంధమును

వీశె, మణుగు, పుట్టి కొలతలు నడచిన కాలమున ఒకచోటి మణుగు మఱియొకచోట చెల్లక చిక్కులు పడిన మాట పెద్దలెఱుగుదురు. 1956లో తూనికలు కొలతల ప్రమాణ చట్టము వచ్చి, 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు క్రమముగా అమలునకు వచ్చినవి. ధాన్యపు తూకమున ఆ చిక్కు తీఱినది. టార్కు విషయమున మాత్రము ఇంకను మూడు తెగల కొలతలు వాడుకలో నున్నవి. కొత్త యంత్రముల పుస్తకములలో న్యూటన్-మీటరు, పాత ట్రాక్టర్ల పుస్తకములలో కిలోగ్రాము-మీటరు, విదేశపు పుస్తకములలోను పనిముట్లపైనను పౌండు-అడుగు కానవచ్చును. రెంచిపై ఇవి ఇంగ్లీషు పొట్టి యక్షరములతో ఎన్ఎం, కేజీఎఫ్ఎం, ఎల్‌బీఎఫ్‌టీ అని చెక్కబడియుండును.

న్యూటన్ అనునది బలమునకు కొలత. శాస్త్రజ్ఞుడైన ఐజాక్ న్యూటను పేర వచ్చినది. సుమారు నూరు గ్రాముల వస్తువును అరచేత నుంచుకొన్నచో దాని బరువు మన చేతిపై ఒక న్యూటను బలము చూపును. ఒక కిలో బరువు 9.81 న్యూటన్లు. ఈ క్రింది సంబంధములను ట్రాక్టరు షెడ్డు గోడపై వ్రాసి యుంచుకొనుట మేలు.

1 కిలోగ్రాము-మీటరు = 9.81 న్యూటన్-మీటర్లు
1 కిలోగ్రాము-మీటరు = 7.23 పౌండు-అడుగులు
1 కిలోగ్రాము-మీటరు = 100 కిలోగ్రాము-సెంటీమీటర్లు
1 పౌండు-అడుగు = 1.36 న్యూటన్-మీటర్లు
1 పౌండు-అడుగు = 12 పౌండు-అంగుళములు

నోటిలెక్కకు కిలోగ్రాము-మీటర్లను పదితో గుణించినచో న్యూటన్-మీటర్లు వచ్చును. నూటికి రెండు పాళ్లకంటె ఎక్కువ తేడా రాదు.

పేర్లు కలగలిసినచో ఏమగునో చూడుడు. 18 కిలోగ్రాము-మీటర్లు, 130 పౌండు-అడుగులు, 176 న్యూటన్-మీటర్లు: ఈ మూడును ఒకే బిగింపునకు మూడు పేర్లు. పుస్తకములో 130 పౌండు-అడుగులని యుండగా, రెంచిని 130 న్యూటన్-మీటర్లకు నిలిపి బిగించినచో కావలసినదానిలో నాలుగవ వంతు తక్కువ పడును. బిగించినవాడు లెక్క ప్రకారమే బిగించితినని ధైర్యముగా నుండును. నట్టు మాత్రము వదులు. ఇంతకంటె గొప్ప ప్రమాదము చిన్న బోల్టులకు కలుగును. పుస్తకములో 250 కిలోగ్రాము-సెంటీమీటర్లని యున్నది. అది సుమారు 25 న్యూటన్-మీటర్లు మాత్రమే. అంకెను మాత్రము చూచి 250 న్యూటన్-మీటర్లకు రెంచిని త్రిప్పినచో పది రెట్లయి, రెంచి ధ్వని చేయకమునుపే బోల్టు విఱుగును. కాబట్టి అంకెను చదువుటకు ముందు దాని ప్రక్కనున్న పేరును చదువవలెను.

ట్రాక్టరు కొనుగోలు పత్రములలో కనబడు టార్కు అంకెయును ఇదే కొలత. కాని అది ఇంజను తిప్పు బలమును దెలుపును, నట్టు బిగింపును గాదు. న్యూటన్-మీటర్లను నిమిషమునకు చుట్ల సంఖ్యతో గుణించి 9549తో భాగించినచో కిలోవాట్లు వచ్చును. నిమిషమునకు 540 చుట్లు తిరుగు పీటీఓ ఇరుసుపై 530 న్యూటన్-మీటర్ల టార్కున్నచో అది 30 కిలోవాట్లు, అనగా సుమారు 40 అశ్వశక్తులు. ఈ రెండు అంకెలను కలగలుపరాదు.

బిగించునపుడు లోపల జరుగునది

బోల్టును బిగించుట అనగా దానిని కొంచెము సాగదీయుట. ఉక్కు బోల్టు రబ్బరువలె కంటికి కానరాకున్నను సాగును. సాగినది మరల కురుచ కావలెనని లాగును. ఆ లాగుడే రెండు భాగములను అదిమి పట్టును. తలపై 8.8 అని చెక్కిన 12 మిల్లీమీటర్ల బోల్టును పొడి మరలతో సుమారు 85 న్యూటన్-మీటర్లకు బిగించినచో, అది మూడున్నర టన్నుల బరువునకు సమానమైన బలముతో అదిమి పట్టును. హద్దు దాటి సాగదీసినచో మరల కురుచ కాదు. అట్టి బోల్టు పైకి బాగుగా కనబడినను పనికి రాదు.

మఱియొక విశేషము: మనము వేయు టార్కులో నూటికి సుమారు తొంబది పాళ్లు మరల రాపిడికిని, నట్టు అడుగున గల రాపిడికిని పోవును. బోల్టును సాగదీయుటకు మిగులునది పది పాళ్లే. మరలు త్రుప్పుపట్టి యున్నచో రాపిడి పెరిగి, రెంచి పూర్తి టార్కు చూపినను బిగింపు తక్కువగానే యుండును. మరలకు నూనె పూసినచో రాపిడి తగ్గి, అదే టార్కునకు బోల్టు మితిమీఱి సాగును. నూనె పూయవలెనో పూయరాదో యంత్రపు పుస్తకము చెప్పును. ఏమియు చెప్పనిచోట తీగ బ్రష్షుతో త్రుప్పును మట్టిని తీసి, పొడిగా బిగించుటయే సాధారణ పద్ధతి.

8.8 గుర్తుగల బోల్టులకు సాధారణ పట్టికలలో కానవచ్చు టార్కులు సుమారుగా ఇవి: 8 మిల్లీమీటర్లకు 25, 10 మిల్లీమీటర్లకు 50, 12 మిల్లీమీటర్లకు 85, 16 మిల్లీమీటర్లకు 210 న్యూటన్-మీటర్లు. ఇవి సాదా మరలుగల పొడి బోల్టులకు. యంత్రముతో వచ్చిన పుస్తకములో వేఱు అంకె యున్నచో ఆ అంకెయే ప్రమాణము.

టార్కు రెంచి రకములు

1918లో న్యూయార్కు నగరపు నీటి శాఖలో పనిచేయుచుండిన కాన్రాడ్ బార్ అను నతడు నీటిగొట్టముల బోల్టులు మితిమీఱిన బిగింపుచే చెడకుండుటకై ఈ సాధనమును కల్పించినట్లు చెప్పుదురు. నేడు పెనుకొండ దగ్గఱ 2019లో ఉత్పత్తి ప్రారంభించిన కియా కర్మాగారమువంటి వాహన కర్మాగారములలో ముఖ్యమైన ప్రతి బోల్టునకు టార్కు నిర్ణయమై యుండును. అక్కడ లెక్కతో బిగిసి వచ్చిన యంత్రమును ఇక్కడ మనము విప్పి లెక్కలేక బిగించుట న్యాయము గాదు.

రెంచులలో ముఖ్యమైనవి మూడు. మొదటిది ముల్లు రెంచి. దాని కడ్డీ వంగిన కొలది ప్రక్కనున్న ముల్లు అంకెలపై జరిగి టార్కు చూపును. చౌకయైనది, చెడుట అరుదు. కాని ముల్లునకు ఎదురుగా కన్నుంచి చదువవలెను. రెండవది గడియారపు ముఖమువంటి డయలు గలది. మూడవది ధ్వని చేయు రెంచి. పిడి లోపలి స్ప్రింగును కావలసిన అంకెకు నిలిపి బిగించినచో, ఆ టార్కు చేరగానే "టక్" అని తట్టును. మెకానిక్కులు ఎక్కువగా వాడునది ఇదియే.

ధ్వని రెంచిలో రెండు వరుసల అంకెలుండును. గొట్టముపై పెద్ద అంకెలు, త్రిప్పు పిడి చుట్టు చిన్న అంకెలు. గొట్టముపై 90, పిడిపై 8 గీటునకు ఎదురుగా నున్నచో మొత్తము 98. నిలిపిన తరువాత తాళము బిగింపవలెను. ఏ రెంచినైనను దాని పెద్ద అంకెలో అయిదవ వంతుకంటె తక్కువ పనికి వాడకుండుట మంచిది; అడుగు భాగమున కొలత నమ్మదగినది కాదు. చక్రపు నట్లకు పెద్దది, చిన్న బోల్టులకు చిన్నది, రెండు వేఱువేఱుగా నుండవలెను.

వాడవలసిన విధము

1. ముందుగా యంత్రపు పుస్తకములో అంకెను, కొలత పేరును చూడవలెను.

2. నట్లను చేతితో మరలెక్కించి, ప్రక్కప్రక్క నట్లను గాక ఎదురెదురు నట్లను మార్చి మార్చి సాధారణ పానాతో ఆనించవలెను. చక్రమును ఎత్తియుంచి ఇంతవఱకు చేసి, పిదప టైరును నేలకు దింపి రెంచితో పూర్తి చేయవలెను.

3. పూర్తి టార్కును ఒక్కసారి వేయరాదు. మొదట మూడవ వంతు, పిదప రెండు వంతులు, తుదకు పూర్తి. ఇంజను హెడ్డు బోల్టులను నడిమినుండి వెలుపలికి, పుస్తకములో చెప్పిన వరుసను బిగింపవలెను. కొన్ని ఇంజనులకు ఇంత టార్కు వేసిన పిమ్మట ఇన్ని డిగ్రీలు త్రిప్పవలెనని యుండును. అట్టి బోల్టులను మరల వాడవచ్చునో లేదో పుస్తకములో చూచి తీఱవలెను.

4. పిడి నడుమ పట్టుకొని, మూలమట్టముగా, నెమ్మదిగా లాగవలెను. కుదుపుతో లాగినచో ధ్వని వచ్చులోపలనే టార్కు మీఱును. "టక్" అన్నంతనే నిలుపవలెను. నమ్మకము చాలక రెండు మూడు మారులు టక్కుమనిపించుట ఎక్కువగా బిగించుటయే.

5. రెంచి పిడికి గొట్టము తొడుగరాదు. ముందువైపు పొడిగింపు తగిలించినచో లెక్క మారును. రెంచి పొడవును, రెంచియు పొడిగింపును కలిసిన పొడవుతో భాగించి, ఆ వచ్చినదానితో కావలసిన టార్కును గుణింపవలెను. రెంచి 50 సెంటీమీటర్లు, దానికి సూటిగా నున్న పొడిగింపు 10 సెంటీమీటర్లు, కావలసినది 120 న్యూటన్-మీటర్లయినచో రెంచిని 100కు నిలుపవలెను. సాకెట్టునకు నిలువుగా తగిలించు కడ్డీ ఈ లెక్కను మార్చదు.

6. బిగిసిన నట్లను విప్పుటకు దీనిని వాడరాదు. విప్పుటకు సాధారణ పానా చాలును.

7. పని ముగిసిన పిదప ధ్వని రెంచి స్ప్రింగును అన్నిటికంటె చిన్న అంకెకు దింపి పెట్టెలో నుంచవలెను. అంతకంటెను క్రిందికి విప్పరాదు. స్ప్రింగును బిగించియే వదలినచో కొంతకాలమునకు అది అలసి తప్పు చూపును. క్రింద పడిన రెంచిని పరీక్షింపక నమ్మరాదు.

8. చక్రము మార్చిన పిదప బరువుతో కొంత దూరము నడిపి, నట్లను మరల రెంచితో చూడవలెను. కొత్త చక్రమునకును రంగు వేసిన చక్రమునకును ఇది మఱింత అవసరము. నట్టు అడుగున రంగు నలిగి బిగింపు సడలును. నట్టునుండి చారలుగా దిగిన త్రుప్పు మరక వదులునకు గుర్తు.

రెంచి లేనిచోట

అత్యవసరమైనపుడు బస్తాలు తూచు కొక్కెపు త్రాసుతో పని గడుపవచ్చును. 18 కిలోగ్రాము-మీటర్లు కావలెననుకొందము. నట్టు నడిమినుండి సరిగా 60 సెంటీమీటర్ల దూరమున పానాకు త్రాసు కొక్కెమును తగిలించి, మూలమట్టముగా నెమ్మదిగా లాగుడు. త్రాసు 30 కిలోలు చూపినపుడు నిలుపుడు. 30ని 0.6తో గుణించగా 18. పానాను నేలకు సమాంతరముగా నుంచి లాగినచో దాని సొంత బరువుచే కొంత తేడా వచ్చును గాని, గొట్టమెక్కి నిలుచుటకంటె ఇది వేయి రెట్లు మేలు.

రెంచిని పరీక్షించుటకును ఇదే సూత్రము. దాని చదరపు కొనను వైసులో బిగించి, రెంచిని అడ్డముగా నుంచి, కొననుండి 50 సెంటీమీటర్ల దూరమున 20 కిలోల సరియైన తూకపురాళ్లను వ్రేలాడదీసినచో 10 కిలోగ్రాము-మీటర్లు, అనగా 98 న్యూటన్-మీటర్లు పడును. రెంచి తన బరువును దీనికి కొద్దిగా కలుపును. 98 దరిదాపులలో పలుకనిచో అది పరిశోధనశాలకు పంపదగినది. మంచి ధ్వని రెంచికి నూటికి నాలుగు పాళ్ల తేడా మాత్రమే అంగీకృతము. సంవత్సరమునకొకసారి, లేక అయిదువేల బిగింపుల కొకసారి, ఏది ముందైన నప్పుడు, గుర్తింపు పొందిన పరిశోధనశాలలో సరిచూపించుట వాడుక.

సంఘము చేయదగినది

ఏడాదిలో నాలుగైదు మారులు వాడు పనిముట్టును ప్రతి రైతును కొనవలసిన పనిలేదు. ఇట్టివానిని పదిమంది కలిసి కొని పంచుకొనుటకే సహకార సంఘములు పుట్టినవి. పెద్దది యొకటి, చిన్నది యొకటి, రెండు రెంచులను సంఘ కార్యాలయమున నుంచి, తీసికొన్నవారి పేరు, తేది, ఏ యంత్రమునకు ఎంత టార్కు వేసిరి, తిరిగి యిచ్చునపుడు స్ప్రింగు దింపిరా లేదా అను నాలుగు గడులతో ఒక పుస్తకము నడుపవలెనని మేము సూచించుచున్నాము. ఊరిలోనున్న ప్రతి రకపు ట్రాక్టరు, రోటవేటరు, నూర్పిడి యంత్రముల అంకెలను వాని పుస్తకములనుండి యెత్తి, కొలత పేరుతో సహా ఒక పలకపై తెలుగున వ్రాయించుట రెండవ పని. ఇంగ్లీషు పుస్తకము ట్రాలీ పెట్టెలో నలిగిపోవును గాని గోడమీది పలక అందఱకును కనబడును.

అనంతపురము జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. సంఘము తరఫున చదువు వచ్చిన యువకులను ఒకరిద్దఱిని అచ్చటి శిక్షణకు పంపినచో, వారు తిరిగివచ్చి తక్కినవారికి నేర్పగలరు.

ఊరి మెకానిక్కును తక్కువ చేయుట మా యభిప్రాయము గాదు. అతని చేతికి అనుభవము కలదు. కాని ఉదయము బలముగా నుండిన చేయి సాయంకాలమునకు అలసును, ఒకని గట్టిదనము మఱియొకని గట్టిదనము గాదు. తూకమువేయు గుమాస్తా యెంత నమ్మకస్థుడైనను మనము త్రాసు పెట్టుమనియే కోరుదుము. చక్రపు నట్టు విషయమునను అట్లే కోరుదము. రాబోవు కోతలకు ట్రాలీలను సిద్ధము చేయునపుడు సభ్యులందఱును తమ చక్రముల నట్లను ఒకమారు రెంచితో సరిచూచుకొందురుగాక.